నాటక రచయిత్రికి ఏడాది రెసిడెన్సీ: సంతకం పెట్టే ముందు గంటల లెక్క

ప్రశ్న: మేం మినియాపోలిస్ దగ్గర ఉంటున్నాం. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, హెచ్-1బి వీసా. ఇక్కడి తెలుగు సంఘం వేడుకల కోసం అరగంట నాటికలు ఐదు రాశాను. వాటిలో రెండింటిని ఇంగ్లిషులో తిరగరాసుకున్నాను. ఊళ్లో లాభాపేక్ష లేని ఒక థియేటర్ ఏడాది రెసిడెన్సీకి దరఖాస్తులు పిలిచింది. పూర్తి నిడివి నాటకం ఒకటి రాయాలి, వలస కుటుంబాలతో ‘కమ్యూనిటీ వర్క్’ చెయ్యాలి, ఇరవై వేల డాలర్లు ఇస్తారు. ఉద్యోగం మానకుండా కుదురుతుందా? కమ్యూనిటీ వర్క్ పేరుతో ఏం చేయిస్తారు? నాటకంలో తెలుగు ఉండొచ్చా? రాసింది ఎవరి సొత్తు అవుతుంది? మా అత్తగారు విజిటర్ వీసా మీద వచ్చి ఉన్నారు, జానపదాలు బాగా పాడతారు. ఆ కార్యక్రమాల్లో ఆమెతో పాడించొచ్చా? (పేరు రాయవద్దన్నారు.)

జవాబు: మీరు అడగనిదే ముందు చెప్పాలి. అన్నిటికంటే మొదట తేలాల్సింది వీసా సంగతి. హెచ్-1బి మీద మీకున్న అనుమతి, పిటిషన్ వేసిన యజమాని దగ్గర ఆ పని చెయ్యడానికే. థియేటర్ మీతో వర్క్‌షాపులు నడిపించి, వారానికి ఇన్ని గంటలు రమ్మని చెప్పి డబ్బిస్తే, దాన్ని స్టైపెండ్ అన్నా ఫెలోషిప్ అన్నా గ్రాంటు అన్నా పని కిందే చూసే ప్రమాదం ఉంది. ‘డబ్బు వద్దులెండి, ఊరికే చేస్తాను’ అంటే తప్పించుకోవచ్చని కొందరు చెబుతారు, నమ్మకండి. మామూలుగా డబ్బిచ్చి చేయించే పనిని ఉచితంగా చేసినా చిక్కే. రెండో యజమానిగా థియేటర్ కూడా మీకోసం హెచ్-1బి పిటిషన్ వెయ్యొచ్చు. చట్టం దానికి ఒప్పుకుంటుంది గానీ, ఆ వృత్తికి నిర్ణయించిన జీతం చూపించాలి, డిగ్రీ అవసరమైన ప్రత్యేక వృత్తి అని రుజువు చెయ్యాలి, లాయరు ఫీజు కట్టాలి. చిన్న థియేటర్లు ఆ జోలికి పోవు. మీకు గ్రీన్‌కార్డు దరఖాస్తు మీద వచ్చిన ఇఏడీ (పని అనుమతి కార్డు) ఉంటే కథ వేరు, దాంతో ఈ పని చేసుకోవచ్చు. కాబట్టి ప్రకటన మొత్తం, దొరికితే ముసాయిదా ఒప్పందం కూడా పట్టుకుని ఇమిగ్రేషన్ లాయర్ దగ్గర అరగంట కూర్చోండి. దరఖాస్తు మీద రెండు నెలల సాయంత్రాలు పెట్టాక కాదు, పెట్టే ముందే. ‘అమెరికాలో పని అనుమతి ఉండాలి’ అన్న వాక్యం చాలా ప్రకటనల్లో చివర చిన్న అక్షరాల్లో ఉంటుంది, అదీ వెతకండి.

ఇంట్లో కూర్చుని సొంతంగా నాటకం రాసుకోవడానికి ఈ అడ్డంకి లేదు. ఈసారి వీసా కుదరకపోయినా మీ ఊళ్లోనే దారి ఉంది. 1971లో మొదలైన, నాటక రచయితల సంస్థ ప్లేరైట్స్ సెంటర్ మీ మినియాపోలిస్-సెయింట్ పాల్ జంటనగరాల్లోదే. దాని ఫెలోషిప్పులకు పోటీ ఎక్కువ, సభ్యత్వం మాత్రం ఎవరైనా తీసుకోవచ్చు. సెయింట్ పాల్‌లో ఉండగా ప్రసిద్ధ నాటక రచయిత ఆగస్ట్ విల్సన్‌కు 1980లో ఫెలోషిప్ దొరికింది అక్కడే. నాటకకర్త యూజీన్ ఓనీల్ పేరిట కనెటికట్‌లో ఉన్న ఓనీల్ సెంటర్ ఆయన నాటకాలను పదేపదే తిప్పి పంపి, చివరికి 1982లో ఒకటి తీసుకుంది.

ఇక మీ ప్రశ్నలకు వద్దాం. వీసా అడ్డం కాదని తేలిందనుకునే మిగతాది చెబుతున్నాం.

రెసిడెన్సీ అన్న ఒక్క మాట కింద అమెరికాలో పొంతన లేని ఏర్పాట్లు నడుస్తున్నాయి. న్యూయార్క్‌లో 1949 నుంచి ఉన్న న్యూ డ్రమటిస్ట్స్ ఒక రచయితను ఏడేళ్లు తనవాడిగా ఉంచుకుంటుంది. గది, నటులు నాటకాన్ని పైకి చదివి వినిపించే రీడింగులు, తోటి రచయితలు దొరుకుతారు. నాటకం ప్రదర్శించడం మాత్రం ఆ సంస్థ పని కాదు. ఓనీల్ సెంటర్‌లో వేసవిలో కొద్ది వారాలు, స్క్రిప్టు చేత్తో పట్టుకున్న నటులతో పని చేయిస్తారు. మెలన్ ఫౌండేషన్ డబ్బుతో 2013లో మొదలైన జాతీయ ప్లేరైట్ రెసిడెన్సీ కార్యక్రమం రచయితను మూడేళ్లపాటు థియేటర్ ఉద్యోగిగానే పెట్టింది, జీతం, ఆరోగ్య బీమాతో సహా. అట్లాంటాలో అలయన్స్ థియేటర్‌కు పెర్ల్ క్లీజ్ అలా వచ్చినవారే. మీకు వచ్చిన ప్రకటన ఈ మూడింటిలో దేనికీ సరిపోలదు. ఊరి థియేటర్, ఒక ఏడాది, మొత్తంగా కొంత సొమ్ము, రెండు పనులు. ఎక్కువమందికి దొరికేది ఈ రకమే, తేడా వచ్చేదీ ఇందులోనే. కారణం ఆ రెండు పనుల మధ్య గీత ఎవరూ గీయకపోవడం.

ఆ గీత గంటల్లో గీయించుకోండి. ఏడాదిలో నికరంగా 40 వారాలు, వారానికి 20 గంటలు అనుకుంటే 800 గంటలు. ఇరవై వేలను దాంతో భాగిస్తే గంటకు 25 డాలర్లు, అదీ పన్ను కట్టకముందు. ఉద్యోగం చేస్తూ వారానికి 20 గంటలు మీకు అయ్యే పని కాదు, 12 దాటితే నిద్ర మీద పడుతుంది. కాబట్టి దరఖాస్తు దశలోనే మర్యాదగా అడగండి: ‘వారానికి ఎన్ని గంటలు అనుకుంటున్నారు? అందులో రాతకు ఎన్ని, కమ్యూనిటీకి ఎన్ని?’ జవాబు చెప్పలేకపోతే వాళ్లు ఆలోచించలేదన్నమాట. ఆలోచించని చోట గంటలన్నీ కమ్యూనిటీ వైపే జారిపోతాయి. ఎందుకంటే వర్క్‌షాపుకు తేదీ, హాలు, ఎదురుచూసే మనుషులు ఉంటారు. రెండో అంకానికి ఎదురుచూసేవాళ్లు ఉండరు.

‘ఏడాదికి పది వర్క్‌షాపులు, ఒక్కోటి రెండు గంటలు, మొత్తం ఇరవై గంటలేగా’ అంటారు. ఒప్పుకోకండి. రెండు గంటల వర్క్‌షాపుకు ఫోన్లు, వాట్సాప్ సందేశాలు, హాలు తాళాలు, రానుపోను ప్రయాణం, కుర్చీలు వెయ్యడం తియ్యడం, ఇంటికొచ్చాక విన్నది రాసుకోవడం కలిపితే ఆరేడు గంటలు పడుతుంది. పదికి అరవై డెబ్బై. రాతకు సగానికి తగ్గకూడదు, కమ్యూనిటీకి మూడో వంతు దాటకూడదు, మిగిలింది మీటింగులకూ రీడింగుకూ. ఈ నిష్పత్తి ఒప్పందంలో అంకెలతో ఉండాలి. రాత వారాలు కూడా తేదీలతో రాయించుకోండి, ఆ వారాల్లో ఎవరూ మిమ్మల్ని దేనికీ పిలవకూడదు.

ఇంతకీ థియేటర్‌కు కమ్యూనిటీ మీద ఇంత ప్రేమ ఎందుకు? నిజమైన ప్రేమ ఉన్న చోట్లూ ఉన్నాయి. మీ ఊళ్లోనే టెన్ థౌజండ్ థింగ్స్ అనే బృందం 1990ల నుంచి జైళ్లకు, నిరాశ్రయుల కేంద్రాలకు వెళ్లి, గదిలో లైట్లన్నీ వెలుగుతుండగా జనం మధ్యలో ఆడుతోంది. అక్కడ ఆడాలంటే చీకట్లో దృశ్యం మార్చడం కుదరదు, పెద్ద సెట్టు ఉండదు. ఆ షరతులు రాతనే మారుస్తాయి. అలాంటి చోట రెసిడెన్సీ రచయిత్రికి కమ్యూనిటీ పని రాతలో భాగమే అవుతుంది. కానీ 501(సి)(3) సంస్థలకు, అంటే లాభాపేక్ష లేనివాటికి, టిక్కెట్ల డబ్బుతో ఖర్చు గడవదు, ఫౌండేషన్ల గ్రాంట్లు కావాలి. గ్రాంటు నివేదికలో ‘ఎంతమంది పాల్గొన్నారు’ అన్న గడి ఉంటుంది. ఆ గడి నింపాల్సిన ఒత్తిడి మెల్లగా మీ మీదికి దిగుతుంది. మొదట ‘మీ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టండి’ అంటారు, తర్వాత ‘ప్రదర్శనకు ఓ వందమంది తెలుగువాళ్లను తేగలరా’ అంటారు. అది మార్కెటింగ్ విభాగం పని. నాటకం మీకు నచ్చితే మీ సంతోషం కొద్దీ చెప్పుకోండి గానీ, ఒప్పందంలో ఆ బాధ్యత ఉండనివ్వకండి.

ఏం చేయిస్తారన్నారు. ఎక్కువ చోట్ల జరిగేది కథా వలయం, అంటే స్టోరీ సర్కిల్. 1963లో మిసిసిపీలో పుట్టిన ఫ్రీ సదరన్ థియేటర్ సహవ్యవస్థాపకుడు జాన్ ఓనీల్ పేరుతో ముడిపడిన పద్ధతి ఇది. ఆరు నుంచి పదిమంది వలయంగా కూర్చుంటారు, మధ్యలో బల్ల ఉండదు. ఒక విషయం ఇస్తారు. ఒక్కొక్కరికి మూడు నుంచి ఐదు నిమిషాలు, అందరికీ ఒకే కొలత. ఒకరు చెబుతుంటే మిగతావాళ్లు వింటారు, ప్రశ్నలు వెయ్యరు, సలహాలివ్వరు. వద్దనుకున్నవాళ్లు తమ వంతు వదిలేయొచ్చు. అందరూ అయ్యాకే మాటామంతీ. మనవాళ్లతో ఇది ఎక్కడ తప్పుతుందంటే, పెద్దాయన ఒకరు పది నిమిషాలు ఉపన్యసిస్తారు, కోడళ్లు నోరు విప్పరు. అత్తాకోడళ్లను, తల్లీపిల్లలను ఒకే వలయంలో కూర్చోబెట్టకండి. సమయం చూసే పని వయసులో పెద్దవాళ్లకే అప్పజెప్పండి, ఉపన్యాసం దానంతటదే తగ్గుతుంది.

విషయం ఎంచుకోవడంలోనూ జాగ్రత్త ఉండాలి. ‘మీ వలస అనుభవం చెప్పండి’ అంటే అందరూ విమానం, మంచు, తొలి జీతం అని ఒకే కథ చెబుతారు. ‘ఇండియా నుంచి తెచ్చి ఇక్కడ వాడకుండా దాచిన వస్తువు’ అనండి, ‘ఇంట్లో ఎవరికీ చెప్పకుండా కొన్నది’ అనండి. విషయం ఎంత చిన్నదైతే మనిషి అంత బయటపడతారు.

బడ్జెట్‌లో ఈ ఖర్చులు థియేటర్ పెట్టుకోవాలి, మీ స్టైపెండ్‌లోంచి పోకూడదు: భోజనం, పిల్లలను చూసుకునే మనిషి, కారు లేనివాళ్లకు రవాణా, అవసరమైతే దుబాసీ, పాల్గొన్నవాళ్లకు గౌరవ పారితోషికం. పిల్లలను చూసుకునే మనిషి లేకపోతే చిన్న పిల్లల తల్లులు రారు, వచ్చేదంతా రిటైరైనవాళ్లే. పారితోషికం దగ్గర పైన చెప్పుకున్న వీసా చిక్కే అందరికీ వర్తిస్తుంది. స్టూడెంట్ వీసా పిల్లలకూ హెచ్-1బి వాళ్లకూ డబ్బు ఇచ్చే ముందు థియేటర్ తన అకౌంటెంట్‌నూ లాయర్‌నూ అడగాలి.

చెప్పినవాళ్ల అనుమతి రెండుసార్లు తీసుకోండి. మొదటిది కూర్చునే ముందు, రికార్డు చెయ్యొచ్చా అని. రెండోది నాటకంలో ఆ ముక్క చేరాక, పేజీ చూపించి, ఉంచొచ్చా అని. రెండోసారి వద్దంటే తీసెయ్యాలి, బతిమాలకూడదు. వీసా లొసుగులు, కన్సల్టెన్సీల బాగోతాలు, విడాకులు వంటివి జనం అలవాటుగా చెప్పేస్తారు. ఊరు చిన్నది, తెలుగు సంఘం ఇంకా చిన్నది. పేరు మార్చినంత మాత్రాన ఎవరో పోల్చుకోకుండా ఉండరు. వృత్తి, ఊరు, పిల్లల సంఖ్య మార్చండి, లేదా ముగ్గురి కథలు ఒకరికి కట్టండి. రికార్డింగులు ఎవరి దగ్గర ఉంటాయి, ఎప్పుడు చెరిపేస్తారు అన్నదీ రాసుకోవాలి. థియేటర్ వెబ్‌సైట్‌లో ఫొటోలకు వేరే అనుమతి.

దరఖాస్తు గురించి. సాధారణంగా రచనా నమూనా 10 నుంచి 20 పేజీలు, పేజీ నిడివిలో మీ గురించి, ఏడాదిలో ఏం చేస్తారన్న ప్రతిపాదన, ఇద్దరి సిఫారసులు అడుగుతారు. వందల దరఖాస్తులు చదివేవాళ్లు మొదటి పది పేజీల్లోనే నిర్ణయానికి వచ్చేస్తారు. మీ ఉగాది నాటికను మొదటి పేజీ నుంచి పంపకండి. సంఘం వేడుకల నాటికల్లో మొదటి ఐదు నిమిషాలు జనాన్ని కుర్చీల్లో కూర్చోబెట్టడానికే పోతాయి. ఫోను మోగడం, పక్కింటివాడు రావడం, స్థానిక ప్రెసిడెంటు గారి మీద ఓ జోకు. హాల్లో పండుతాయి గానీ కాగితం మీద చదివేవాడికి ఏమీ అందదు. ఇద్దరు మనుషులు రెండు వేర్వేరు కోరికలతో ఒకే గదిలో ఇరుక్కున్న దృశ్యం ఎక్కడుందో వెతికి అక్కడి నుంచి పంపండి. ముందు కథ నాలుగు వాక్యాల్లో పైన రాయండి. 12 పాయింట్ అక్షరాలు, పేజీ నంబర్లు, పీడీఎఫ్. పేరు లేకుండా పంపమంటే ఫైలు పేరులో కూడా ఉండకూడదు. ఈ తప్పు చాలామంది చేస్తారు.

అరగంట నాటికలు మూడు కలిపితే పూర్తి నిడివి నాటకం కాదు. తొంభై నిమిషాల నాటకంలో మొదట తీసుకున్న నిర్ణయానికి మూల్యం చివర్లో చెల్లించాలి. నాటికలో ఆ దూరం ఉండదు. మీ ఐదింటిలో ఏ పాత్రకు అరగంట చాలలేదో ఆ పాత్రతో ప్రతిపాదన రాయండి. నిడివి అంచనాకు పేజీకి నిమిషం నుంచి ఒకటిన్నర అనుకోవచ్చు. తెలుగు మాటలున్న చోట పైకి చదివి గడియారం చూసుకోవడమే నయం. ఇంకో మాట: వలస కుటుంబాలు అన్నారని వలస కష్టాల నాటకమే రాయక్కర్లేదు. కమ్యూనిటీ పని ఒకటి, నాటక వస్తువు ఒకటి కావచ్చు. ప్రతిపాదనలో ఆ రెండూ ఎక్కడ తాకుతాయో ఒక్క వాక్యంలో చెబితే చాలు.

తెలుగు ఉండొచ్చా అంటే, తప్పకుండా. చిక్కు అంతా నటులతో. ఇక్కడ పుట్టిన తెలుగు నటులు చాలామంది మాట్లాడగలరు, చదవలేరు. కాబట్టి తెలుగు డైలాగును స్క్రిప్టులో మూడు రూపాల్లో ఇవ్వండి: తెలుగు లిపిలో, ఇంగ్లిషు అక్షరాల్లో, పక్కన భావం. దాంతోపాటు మీ గొంతుతో ఆడియో. ళ, ణ, దీర్ఘాలు కాగితం మీద ఎంత రాసినా పలకవు, వింటేనే పలుకుతాయి. పాత్రది కరీంనగర్ మాటా, కోనసీమ మాటా అన్నది నటులను వెతికే ప్రకటనలోనే చెప్పండి. రిహార్సల్‌లో చెబితే ఆలస్యమైపోతుంది. తెలుగు వాక్యం వెనకే దాని ఇంగ్లిషు అనువాదాన్ని ఎదుటి పాత్ర నోట పెట్టకండి. తెలుగువాడికి విసుగు, తెలియనివాడికి అనుమానం. సబ్‌టైటిళ్లు వేద్దామంటే ప్రొజెక్టరు, సమయానికి నొక్కే మనిషి, రిహార్సల్ గంటలు కావాలి. రీడింగు దశలో వాటి జోలికి వెళ్లొద్దు.

రీడింగు అన్నాం కదా, ఏడాది చివర ఎక్కువగా ఉండేది అదే. ఈక్విటీ అనే వృత్తి నటుల సంఘం సభ్యులతో చేస్తే సాధారణంగా 29 గంటల నిబంధన వాడతారు. రిహార్సల్, ప్రదర్శన కలిపి రెండు వారాల లోపల 29 గంటలు. నటులు స్క్రిప్టు చేత్తో పట్టుకునే చదువుతారు, రంగ సూచనలు ఒకరు చదువుతారు. రిహార్సళ్లు తరచూ పగటిపూటే పెడతారు. ఉద్యోగంలో ఆ వారం సెలవు ఇప్పుడే అడిగి పెట్టుకోండి, ఎందుకంటే ఆ గంటల్లో మీ పని గదిలో కూర్చుని తిరగరాయడం. మొదటి రోజు 60 పేజీల లోపు తిరగరాత మిగిలేలా వెళ్లండి. మొత్తం నాటకం మార్చాలనుకుంటే 29 గంటలు దేనికీ చాలవు.

హక్కుల విషయంలో మనకు ఒక అలవాటు ఉంది. పరిషత్తు నాటికల్లో రిహార్సల్‌లో దర్శకుడు డైలాగు మార్చడం, నటుడు ఓ పంచ్ కలపడం మామూలే, రచయితకు ఆ సంగతి ప్రదర్శన రోజునే తెలుస్తుంది. అమెరికా వృత్తి రంగస్థలంలో రచయిత అనుమతి లేకుండా మాట మార్చకూడదు, నాటకం రచయిత సొత్తు. కానీ ఒక మెలిక ఉంది. మిమ్మల్ని డబ్ల్యు-2 (జీతం మీద పనిచేసే) ఉద్యోగిగా పెట్టుకుంటే, ఉద్యోగంలో భాగంగా రాసింది యజమానిదవుతుందని చట్టం. అందుకే ‘కాపీరైటు పూర్తిగా రచయిత్రిదే’ అన్న వాక్యం తప్పనిసరిగా ఉండాలి. ‘వర్క్ మేడ్ ఫర్ హైర్’ అన్న నాలుగు మాటలు కనిపిస్తే సంతకం ఆపండి. మొదట ప్రదర్శించే అవకాశం థియేటర్ అడగడం న్యాయమే, దానికి గడువు పెట్టండి. తుది ప్రతి చేతికొచ్చాక 60 లేదా 90 రోజుల్లో అవునో కాదో చెప్పాలి, చెప్పకపోతే హక్కు మీకు తిరిగొస్తుంది. భవిష్యత్తు ఆదాయంలో వాటా రీడింగు చేసినంత మాత్రాన ఇవ్వాల్సిన పని లేదు. డ్రమటిస్ట్స్ గిల్డ్‌లో సభ్యత్వం తీసుకుంటే ఒప్పందం చదివి చెప్పే ఏర్పాటు ఉంది.

పన్ను సంగతి క్లుప్తంగా. ఉద్యోగిగా కాకుండా, స్వతంత్రంగా పనిచేసేవాళ్లకిచ్చే 1099 ఫారం కింద ఇస్తే పన్నేమీ కోయకుండా చేతిలో పెడతారు, మురిసిపోకండి. ఇరవై వేల మీద ఖర్చులు తీసెయ్యకముందు స్వయం ఉపాధి పన్నే సుమారు 2,800 డాలర్లు, ఆదాయపు పన్ను వేరే. మీ జీతం ఇప్పటికే సోషల్ సెక్యూరిటీ పరిమితి దాటి ఉంటే అందులో కొంత తగ్గుతుంది. వచ్చిన ప్రతి చెక్కులో 30 శాతం పక్కన పెట్టి, ఏప్రిల్, జూన్, సెప్టెంబర్, జనవరి నెలల 15వ తేదీల్లో అంచనా పన్ను కట్టండి. లేదా మీ ఉద్యోగం జీతంలో పన్ను కోత పెంచుకోండి, అది సులువు.

మీ అత్తగారి పాట. బి-2 (విజిటర్ వీసా) మీద వచ్చినవాళ్లు వృత్తి కళాకారులు కాకపోతే, ప్రతిఫలం తీసుకోకుండా ఇలాంటి కార్యక్రమంలో పాడటానికి వీలుంది. డబ్బు గానీ గిఫ్ట్‌కార్డు గానీ వద్దు. పాల్గొన్నవాళ్లందరికీ థియేటర్ పారితోషికం ఇస్తుంటే ఆమె పేరు ఆ జాబితాలోకి రాకుండా ముందే చెప్పి, మెయిల్‌లో రాయించుకోండి. ఆ పాటలు నాటకంలోకి తీసుకోవాలనుకుంటే, ఏ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఇప్పుడే ఆమెను కూర్చోబెట్టి రాసుకోండి. జానపదం అనుకున్నది ఒక్కోసారి సినిమా పాటో, రేడియోలో వచ్చిన లలితగీతమో అవుతుంది. అప్పుడు దాని హక్కుదారులను వెతకడానికే నెలలు పడుతుంది. ఆమె వీసా గడువు అయ్యేలోపు రికార్డింగు కూడా చేసి పెట్టుకోండి, తిరిగి వెళ్లాక ఫోన్లో పాడించుకున్నది రిహార్సల్‌కు పనికిరాదు.